ముందు చెవి, తర్వాత మీటర్‌: బేస్‌ గిటారుకు, ట్యూబ్‌ ఆంప్‌కు మధ్య రొద పట్టుకోవడం

(తిరుపతిలో ఆర్కెస్ట్రా వాద్యకారులు, సౌండ్‌ ఆపరేటర్ల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మన కల్యాణ మండపాల్లో, మహతి ఆడిటోరియం లాంటి హాళ్లలో, గంగమ్మ జాతర స్టేజీల మీద వాయించేవాళ్లు, మిక్సర్‌ ముందు కూర్చునేవాళ్లు ఇద్దరూ వచ్చారు. నాకు అదే కావాల్సింది. స్టేజీ మీద గుయ్యిమని మోత మొదలైతే మిక్సర్‌ దగ్గరివాళ్లు "గిటారుది" అంటారు, వాయించేవాళ్లు "మీ లైన్‌ది" అంటారు. కార్యక్రమం మొదలయ్యేలోపల ఎవరిదో తేలదు. తేల్చే పద్ధతి ఇద్దరికీ ఒకటే తెలిసి ఉంటే గొడవే ఉండదు.

ఇక్కడ బల్ల మీద జాజ్‌ బేస్‌ తరహా గిటారు ఉంది. దాని పక్కన ట్యూబ్‌ హెడ్డు, కింద 15 అంగుళాల స్పీకర్‌ క్యాబినెట్‌. ఆన్‌ చేసే ఉంచాను. ఎవరూ వాయించడం లేదు, అయినా వినిపిస్తోంది కదా. దాన్ని ఆపడానికి తొందరపడొద్దు, ముందు వినండి. అది ఏ స్వరం?

మన కరెంటు 50 హెర్ట్జ్‌. బేస్‌ మీద ఇ తీగ మూడో ఫ్రెట్‌ నొక్కితే వచ్చే జి స్వరం 49 హెర్ట్జ్‌. ఆ రెండూ కలిపి వింటే సెకనుకు ఒక్కసారి ఊగుతున్నట్టు అల వినిపిస్తుంది. ఇదిగో మీటుతున్నాను, వినండి. ఊగుతోందా? అయితే ఇది 50. ఇప్పుడు జి తీగ ఖాళీగా మీటితే 98 హెర్ట్జ్‌. హమ్‌, అంటే ఈ మోత, దానితో కలిసి సెకనుకు రెండుసార్లు ఊగితే అది 100. ఫోన్‌లో ట్యూనర్‌ యాప్‌ పెట్టినా తెలుస్తుంది: 50 అయినా 100 అయినా జి చూపించి, ముల్లు 35 సెంట్లు (అరస్వరంలో నూరోవంతు ఒక సెంటు) పైకి ఉంటుంది. 50దా 100దా అనేది మాత్రం మీరు ఆక్టేవ్‌ చూసి చెప్పాలి. అమెరికా వాళ్లు రాసిన సలహాల్లో 60, 120 అని, బి స్వరం అని ఉంటుంది. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్‌, అందుకు. మనకు ఆ లెక్క పనికిరాదు.

ఇంకో సంగతి. జనరేటర్‌ మీద నడుస్తున్నప్పుడు, ముఖ్యంగా లోడు తక్కువగా ఉన్నప్పుడు, ఫ్రీక్వెన్సీ 51, 52 దాకా పోతుంది. అప్పుడు ట్యూనర్‌ జి షార్ప్‌ చూపిస్తుంది. లైన్‌ కరెంటు నుంచి జనరేటర్‌కు మార్చగానే హమ్‌ స్వరం పైకి జరిగిందంటే అది కరెంటు నుంచే వస్తున్నదని రుజువు.

ఈ 50, 100 తేడా ఎందుకింత పట్టించుకోవాలి? 50 అంటే రెక్టిఫయర్‌ (ఏసీని డీసీ చేసే భాగం) దాటని ఏసీ. పికప్‌ (తీగల కదలికను పట్టే కాయిల్‌) గాలిలోంచి పట్టుకున్నదో, కేబుల్‌ షీల్డ్‌ తెగిందో, ఎర్త్‌ లూప్‌ పడిందో, వాల్వ్‌ను, అంటే ట్యూబ్‌ను, వేడిచేసే హీటర్‌ వైరింగ్‌లోంచి దూరిందో అయి ఉంటుంది. 100 అంటే ఫుల్‌ వేవ్‌ రెక్టిఫయర్‌ దాటి వచ్చిన అల. అది దాదాపుగా ఎప్పుడూ ఆంప్‌ లోపలిదే: ఫిల్టర్‌ కెపాసిటర్లు ఎండిపోయి ఉండాలి, లేదా పవర్‌ వాల్వ్‌ల జోడీ సమానంగా లేకపోయి ఉండాలి. ఒక మినహాయింపు ఉంది. చాలా ఆంప్‌లలో బయాస్‌ సప్లైకి, అంటే పవర్‌ వాల్వ్‌ల కరెంటును అదుపులో ఉంచే వోల్టేజీకి, ఒకే డయోడ్‌ పెడతారు. అక్కడి కెపాసిటర్‌ పోతే ఆంప్‌ లోపలి లోపమే అయినా 50 వినిపిస్తుంది.

గుండ్రంగా "గుమ్మ్‌" అని కాకుండా గరగరగా "జుయ్యి" అని ఉంటే, అందులో 50 గుణిజాలు చాలా పైదాకా ఉన్నాయని అర్థం. దాన్ని బజ్‌ అందాం. లైట్‌ డిమ్మర్లు, ఫ్యాన్‌ రెగ్యులేటర్లు, సీరియల్‌ సెట్ల ఎల్‌ఈడీ డ్రైవర్లు, లాప్‌టాప్‌ ఛార్జర్లు దీని పుట్టిళ్లు. గిటార్‌ ప్లేయర్ల కన్నా బేస్‌ వాళ్లను హమ్‌ ఎక్కువ బాధపెట్టడానికీ కారణం ఉంది. మామూలు గిటార్‌ క్యాబినెట్‌ 80 హెర్ట్జ్‌ కిందకు వచ్చేసరికి నీరసపడుతుంది, 50ని సగం మింగేస్తుంది. బేస్‌ క్యాబినెట్‌ చేయాల్సిన పనే అక్కడ, కాబట్టి ఏదీ దాచదు.

ఇప్పుడు సరిహద్దు గీద్దాం. రొద గిటారు వైపా, ఆంప్‌ వైపా? దీనికి మీ బ్యాగులో ఉండాల్సిన పనిముట్టు షార్టింగ్‌ ప్లగ్‌. లోహపు మూత ఉన్న మామూలు పావు అంగుళం ప్లగ్‌ తీసుకుని టిప్‌ను (కొన), స్లీవ్‌ను (మిగతా ఒళ్లు) చిన్న తీగతో కలిపి సోల్డర్‌ చేయండి, అంతే. రెండోది కూడా చేసుకోండి, అందులో తీగకు బదులు 10 కిలో ఓమ్‌ రెసిస్టర్‌. మొదటిది ఆంప్‌ ఇన్‌పుట్‌ను పూర్తిగా నోరు మూయిస్తుంది. రెండోది మామూలు బేస్‌ పికప్‌ అంత రెసిస్టెన్స్‌ చూపిస్తుంది, కానీ గాలిలోంచి ఏమీ పట్టుకోదు.

కేబుల్‌ ఊడదీస్తే చాలదా అని అడగొచ్చు. చాలా ఆంప్‌ల ఇన్‌పుట్‌ జాక్‌లో ప్లగ్‌ లేనప్పుడు టిప్‌ను ఎర్త్‌ చేసే చిన్న ఆకు ఉంటుంది. పాత ఆంప్‌లో ఆ ఆకు మసిపట్టి తాకదు. అప్పుడు కేబుల్‌ తీసినా ఇన్‌పుట్‌ గాలిలో వేలాడుతూ హమ్‌ ఇస్తుంది, మీరు ఆంప్‌ చెడిపోయిందనుకుంటారు. షార్టింగ్‌ ప్లగ్‌ అబద్ధం చెప్పదు. అది పెట్టగానే నిశ్శబ్దమైతే ఆంప్‌ మంచిదే, గిటారు వైపు వెళ్లాలి. అయినా హమ్‌ ఉంటే గిటారును కేసులో పెట్టేయండి, దాని జోలికి పోకండి.

గిటారు వైపు వెళ్తే ముందు కేబుల్‌. కేబుల్‌ను ఆంప్‌లోనే ఉంచి, బేస్‌ నుంచి తీసిన చివర టిప్‌, స్లీవ్‌ కలిసేలా అల్యూమినియం ఫాయిల్‌ గట్టిగా చుట్టండి. నిశ్శబ్దంగా ఉంటే కేబుల్‌ బాగుంది. ఇంకా గుయ్యిమంటుంటే షీల్డ్‌ తెగింది. ఎక్కువగా ప్లగ్‌ మూత లోపలే తెగుతుంది. వంచి, లాగి చూడండి, మూత విప్పి స్లీవ్‌ జాయింట్‌ మెరుస్తోందో మసకగా ఉందో చూడండి. మసకగా, గింజలు గింజలుగా ఉంటే చల్లని సోల్డర్‌. మళ్లీ కాల్చి పోయండి. తొక్కినప్పుడు, ఊపినప్పుడు ధబ్‌ధబ్‌మనే కేబుల్‌ వేరే రకం జబ్బు. షీల్డ్‌ లోపలి ఇన్సులేషన్‌కు రాసుకుని వచ్చే శబ్దం అది, సోల్డర్‌తో పోదు. కేబుల్‌ మార్చాల్సిందే.

అయిందా? కేబుల్‌ మంచిదైతే బేస్‌. ఇక్కడ రెండు పరీక్షలు చేయిస్తాను, మీటర్‌ అక్కర్లేదు.

మొదటిది తిరిగే పరీక్ష. బేస్‌ మెడలో వేసుకుని, నిలబడ్డచోటే నెమ్మదిగా చుట్టూ తిరగండి. ఒక దిక్కున హమ్‌ పెరిగి, దానికి అడ్డదిక్కున దాదాపు మాయమైతే అది అయస్కాంత క్షేత్రం. ఆంప్‌లోని పవర్‌ ట్రాన్స్‌ఫార్మర్‌, స్టెబిలైజర్‌, యూపీఎస్‌ దగ్గర ఉన్నాయన్నమాట. రాగి టేపు ఎంత అంటించినా 50 హెర్ట్జ్‌ అయస్కాంత క్షేత్రం ఆగదు. ఆంప్‌కు రెండు మీటర్లు దూరం జరగండి, స్టెబిలైజర్‌ను స్టేజీ వెనక్కి పంపండి. లేదంటే హమ్‌ కోసుకునే పికప్‌ కావాలి. ప్రెసిషన్‌ బేస్‌ అనే ఇంకో రకంలో 1957 నుంచి పికప్‌ను రెండు ముక్కలు చేసి ఒకదాన్ని తిరగేసి చుడుతున్నారు, అందుకే అది స్వతహాగా నిశ్శబ్దం. 1960లో వచ్చిన జాజ్‌ బేస్‌లో రెండు విడి సింగిల్‌ కాయిల్‌లు. రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా తెరిస్తే ఒకదాని హమ్‌ ఇంకొకటి కోస్తుంది. ఒకదాన్ని కాస్త తగ్గించారా, హమ్‌ తిరిగొస్తుంది. ఇది లోపం కాదు, దాని స్వభావం. జాజ్‌ బేస్‌కు రిపేరు అవసరమని తీసుకొచ్చేవాటిలో ఇది ఒక పెద్ద వంతు.

రెండోది తాకే పరీక్ష. తీగల మీద చేయి పెట్టండి. రొద తగ్గితే తీగల ఎర్త్‌ బాగుంది, కానీ లోపలి గుంటలకు షీల్డింగ్‌ చాలడం లేదు. మీ ఒళ్లు గదిలోని కరెంటును పట్టి పికప్‌కు అందిస్తోంది, తీగ తాకగానే ఆ ఒళ్లు ఎర్త్‌ అయిపోతోంది. తీగ తాకితే ఏమీ మారకుండా, జాక్‌ లోహం తాకితే మాత్రం తగ్గితే, బ్రిడ్జి కింది ఎర్త్‌ తీగ తెగింది. తీగ తాకితే పెరిగితే జాగ్రత్త: జాక్‌ దగ్గర టిప్‌, స్లీవ్‌ తారుమారుగా సోల్డర్‌ అయి ఉండొచ్చు, లేదా ఆంప్‌కే ఎర్త్‌ లేదు. రెండోదైతే వాయించడం ఆపేయండి. దాని గురించి ఇప్పుడే వివరంగా వస్తాను.

మీటర్‌ ఉన్నవాళ్లు బ్రిడ్జి నుంచి కేబుల్‌ స్లీవ్‌కు చూడండి, రెండు ఓమ్‌లకు మించకూడదు. టిప్‌, స్లీవ్‌ మధ్య వాల్యూమ్‌, టోన్‌ పూర్తిగా తెరిచి చూస్తే ప్రెసిషన్‌ తరహాకు 10 కిలో ఓమ్‌ దగ్గర, జాజ్‌కు ఒక పికప్‌ మీద 7 దగ్గర రావాలి. వందల కిలో ఓమ్‌ చూపిస్తే పికప్‌ కాయిల్‌ తెగింది, లేదా దాని తీగ పాట్‌ (వాల్యూమ్‌ తిప్పే రెసిస్టర్‌) నుంచి ఊడింది. వాల్యూమ్‌ సున్నా చేసి పరీక్షించేవాళ్లకు ఒక మాట. ప్రెసిషన్‌లో అది సరైన పరీక్షే, సున్నా దగ్గర ఔట్‌పుట్‌ నేరుగా ఎర్త్‌ అవుతుంది. జాజ్‌ తరహా వైరింగ్‌లో పికప్‌ తీగ పాట్‌ మధ్య కాలుకు వస్తుంది. సున్నా చేస్తే పికప్‌ ఎర్త్‌ అవుతుంది కానీ ఔట్‌పుట్‌కు, ఎర్త్‌కు మధ్య పాట్‌ రెసిస్టెన్స్‌ మొత్తం ఉండిపోతుంది. అందుకే రెండూ సున్నా చేసినా సన్నగా గుయ్యిమనొచ్చు. దాన్ని చూసి జాక్‌ విప్పకండి.

షీల్డింగ్‌ వేసేవాళ్లు జిగురు కూడా కరెంటు పారే రకం రాగి టేపు తీసుకోండి. చెన్నై రిచీ స్ట్రీట్‌లో అడిగితే దొరుకుతుంది. మామూలు జిగురు టేపు అయితే ముక్కకు, ముక్కకు మధ్య సోల్డర్‌ చుక్క పెట్టాల్సిందే. పికప్‌ గుంట, కంట్రోల్‌ గుంట, పిక్‌గార్డ్‌ అడుగు, మూడూ ఒకదానికొకటి, వాటినుంచి వాల్యూమ్‌ పాట్‌ వీపుకు కలిసి ఉన్నాయో మీటర్‌తో చూడండి. ఎర్త్‌కు కలవని రాగి ముక్క ఏ మేలూ చేయదు. జాక్‌ టిప్‌ కాలు టేపుకు తగిలే చోట ఇన్సులేషన్‌ టేపు వేయండి, లేదంటే ప్లగ్‌ పెట్టగానే శబ్దమే రాదు. యాక్టివ్‌ బేస్‌ వాళ్లు ఇవన్నీ చేసేముందు 9 వోల్ట్‌ బ్యాటరీ కొలవండి. ఏడున్నర కిందికి పడితే పగిలిన శబ్దం వస్తుంది. కేబుల్‌ గుచ్చి ఉంచితే రాత్రంతా బ్యాటరీ తాగుతుంది.

ఒక ప్రశ్న ఉందంటున్నారు. చెప్పండి.

("అన్నా, ఆంప్‌ ప్లగ్గుకు పెద్ద పిన్ను పీకేస్తే హమ్‌ పోతాది కదా. మావాళ్లు అందరూ అట్లే చేస్తారు. తప్పేముండాది?")

ప్రాణం పోతుంది తమ్ముడూ. హమ్‌ పోతుందన్నది నిజమే, అందుకే ఇది ఇంతగా పాకింది. ఏం జరుగుతుందో చెబుతాను.

ట్యూబ్‌ ఆంప్‌లో కరెంటు తీగకు, చాసిస్‌కు (ఆంప్‌ లోహపు పెట్టె) మధ్య కెపాసిటర్లు ఉండొచ్చు, ట్రాన్స్‌ఫార్మర్‌ ఇన్సులేషన్‌ ముసలిదై ఉండొచ్చు. ఎర్త్‌ ఉన్నంతకాలం ఆ లీకేజీ భూమిలోకి పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌ పూర్తిగా షార్ట్‌ అయితే ఫ్యూజ్‌ కొట్టేస్తుంది. ఎర్త్‌ పిన్ను పీకితే చాసిస్‌, కేబుల్‌ స్లీవ్‌, బ్రిడ్జి, బేస్‌ తీగలు, మీ చేతులు అన్నీ ఆ వోల్టేజీ మీద నిలబడి ఉంటాయి. ఫ్యూజ్‌ కొట్టదు, ఎందుకంటే కరెంటు పోయే దారి లేదు. మీరు కోరస్‌ పాడదామని మైక్‌కు పెదవి ఆనించిన క్షణాన ఆ దారి మీరే అవుతారు. మైక్‌ మిక్సర్‌ ద్వారా ఎర్త్‌ అయి ఉంది. అరచేతి నుంచి పెదవి దాకా, మధ్యలో గుండె. జాతర స్టేజీ మీద చెమటతో తడిసిన చేతులు, కింద తడి నేల. దయచేసి ఎవరూ ఈ పని చేయొద్దు, చేసేవాళ్లను చూస్తే ఊరుకోవద్దు. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల్లో దూర్చే అడాప్టర్‌ కూడా ఇదే పని చేస్తుంది.

ఏ స్టేజీ ఎక్కినా, పాడేముందు మీటర్‌ను ఏసీ వోల్టుల్లో పెట్టి ఒక ముల్లు బేస్‌ తీగకు, ఇంకోటి మైక్‌ జాలీకి ఆనించండి. ఒకటి, రెండు వోల్టుల లోపు ఉండాలి. 50, 100 చూపిస్తే మైక్‌ దగ్గరికి పోవద్దు. ఎర్త్‌ వెతకండి.

వెతికే తీరు ఇది. సాకెట్‌లో ఫేజు, న్యూట్రల్‌ మధ్య 230 దగ్గర రావాలి. ఫేజు, ఎర్త్‌ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌, ఎర్త్‌ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. ఫేజుకు, ఎర్త్‌కు మధ్య 0 గానీ, 100 ప్రాంతంలో ఎటో తేలుతున్న అంకె గానీ వస్తే ఎర్త్‌ తీగ ఎక్కడికీ పోలేదు. మీటర్‌ మోసపోవచ్చు కూడా, బలహీనమైన ఎర్త్‌ కూడా 230 చూపిస్తుంది. అందుకే మన ఎలక్ట్రీషియన్లు 100 వాట్ల బల్బు ఫేజుకు, ఎర్త్‌కు మధ్య పెట్టి చూస్తారు. పూర్తి వెలుగు వస్తే ఎర్త్‌ పనిచేస్తోంది, మినుకుమంటే చాలదు. ఆర్‌సీసీబీ (లీకేజీ కనిపెట్టి కరెంటు ఆపే స్విచ్‌) ఉన్నచోట ఈ బల్బు పెట్టగానే ట్రిప్‌ అవుతుంది, అది మంచి కబురే. ఈ పని ఎలక్ట్రీషియన్‌ చేతనే చేయించండి. నియాన్‌ టెస్టర్‌ స్క్రూడ్రైవర్‌తో ఎర్త్‌ ఉందో లేదో తెలియదు.

మన ప్రాంతపు నేల సంగతి కూడా కలపాలి. చాలాచోట్ల పైన గులక ఎర్రమట్టి, కాస్త లోతు పోతే రాయి. ఎండాకాలంలో ఎర్త్‌ పిట్‌ ఎండిపోతే రెసిస్టెన్స్‌ పెరుగుతుంది. జాతర వచ్చేది మే నెలలోనే. ముందురోజు పిట్‌లో బకెట్లతో నీళ్లు పోయించండి. పిట్‌ ఎక్కడుందో మండపం వాళ్లకే తెలియకపోతే ఆ సాకెట్‌ను నమ్మొద్దు. జనరేటర్‌ తెప్పించినప్పుడు దాని న్యూట్రల్‌ను బాడీ ఎర్త్‌కు కలిపారా, ఎర్త్‌ రాడ్‌ దించారా అని అడగండి. మూడు ఫేజుల సప్లై అయితే ఆంప్‌ ప్లగ్‌ పెట్టేముందు ప్రతి సాకెట్‌ వోల్టేజీ కొలవండి. న్యూట్రల్‌ ఊడి ఉంటే ఒక సాకెట్‌లో 400 దగ్గరిదాకా రావొచ్చు, ట్రాన్స్‌ఫార్మర్‌ అక్కడికక్కడే మాడిపోతుంది.

మరి పిన్ను పీకితే హమ్‌ ఎందుకు పోయింది? ఎర్త్‌ లూప్‌ తెగింది కాబట్టి. ఆంప్‌ స్టేజీ మీద ఒక సాకెట్‌లో, మిక్సర్‌ హాలు చివర ఇంకో సాకెట్‌లో ఉన్నాయి. రెండూ ఎర్త్‌ అయ్యాయి. ఆంప్‌ డీఐ ఔట్‌ (మిక్సర్‌కు సిగ్నల్‌ పంపే జాక్‌) నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్‌ కేబుల్‌ (మైక్‌లకు వాడే మూడు పిన్నులది) వేయగానే దాని ఒకటో పిన్ను రెండు ఎర్త్‌లనూ కలిపి పెద్ద చుట్టు తయారు చేసింది. రెండుచోట్ల ఎర్త్‌ వోల్టేజీ ఒకేలా ఉండదు, ఆ తేడా షీల్డ్‌లో కరెంటుగా పారి 50 హెర్ట్జ్‌ హమ్‌ అవుతుంది. ఎక్స్‌ఎల్‌ఆర్‌ ఊడదీయగానే హమ్‌ పోతే ఇదేనని ఖాయం. తెగ్గొట్టాల్సింది ఆడియో వైపు. ఆంప్‌ వెనక గ్రౌండ్‌ లిఫ్ట్‌ మీట ఉంటే వేయండి. లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్‌ ఉన్న పాసివ్‌ డీఐ పెట్టి దాని లిఫ్ట్‌ వేయండి. అదీ లేకపోతే ఒక చివర ఒకటో పిన్ను కోసిన ఎక్స్‌ఎల్‌ఆర్‌ కేబుల్‌ ఒకటి చేసుకుని, రెండు చివర్లా ఎర్ర టేపు చుట్టండి, పొరపాటున కండెన్సర్‌ మైక్‌కు వేస్తే ఫాంటమ్‌ పవర్‌, అంటే మిక్సర్‌ నుంచి మైక్‌కు పోయే కరెంటు, అందదు. అన్నిటికన్నా మంచిది ఆంప్‌లు, కీబోర్డులు, మిక్సర్‌ అన్నిటికీ ఒకే డిస్ట్రిబ్యూషన్‌ బోర్డు నుంచి, ఒకే ఫేజు నుంచి మూడు కోర్ల కేబుల్‌ లాగడం. లైటింగ్‌ను వేరే ఫేజు మీద పెట్టించండి. డిమ్మర్‌ కేబుళ్లు, బేస్‌ కేబుల్‌ పక్కపక్కన పోకూడదు. దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి.

ఇక ఆంప్‌ లోపలికి. షార్టింగ్‌ ప్లగ్‌ పెట్టినా హమ్‌ పోలేదు, ఎర్త్‌ బాగుంది, డీఐ ఊడదీశాం. ఇప్పుడు మూత విప్పకుండానే ఇంకో సరిహద్దు గీయొచ్చు. గెయిన్‌ తిప్పండి. హమ్‌ దానితోపాటు పెరిగి తగ్గితే గెయిన్‌ పాట్‌కు ముందు దశలోది, అంటే మొదటి వాల్వ్‌. గెయిన్‌కు కదలక మాస్టర్‌కు కదిలితే ఆ రెండిటి మధ్యది. రెండూ సున్నా చేసినా అలాగే ఉంటే ఫేజ్‌ ఇన్వర్టర్‌, పవర్‌ వాల్వ్‌లు, పవర్‌ సప్లై.

ప్రీ ఆంప్‌ వాల్వ్‌లు, అంటే ఎక్కువగా 12ఏఎక్స్‌7 రకం, వెనక నుంచి చేయి పెట్టి తీయగలిగే ఆంప్‌ అయితే: స్విచ్‌ ఆపండి, చల్లారనివ్వండి, మొదటి వాల్వ్‌ తీసి ఆన్‌ చేసి వినండి. హమ్‌ పోతే ఆ దశలోనే ఉంది. పోకపోతే తర్వాతది. ఇలా ఇన్‌పుట్‌ నుంచి స్పీకర్‌ వైపు నడవండి. రెండు హెచ్చరికలు. కొన్ని ఆంప్‌లలో హీటర్లు వరసగా కలిపి ఉంటాయి, ఒకటి తీస్తే పక్కదీ ఆరిపోతుంది, అప్పుడు ఈ పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది. డ్రైవర్‌ వాల్వ్‌ నేరుగా పవర్‌ వాల్వ్‌ల గ్రిడ్‌కు కలిసిన పెద్ద బేస్‌ ఆంప్‌లలో సర్క్యూట్‌ బొమ్మ చూడకుండా డ్రైవర్‌ను తీయొద్దు, బయాస్‌ మారిపోతుంది. స్పీకర్‌ తగిలించకుండా ట్యూబ్‌ ఆంప్‌ను ఎప్పుడూ నడపొద్దు, ఔట్‌పుట్‌ ట్రాన్స్‌ఫార్మర్‌ పోతుంది. హెడ్డుకు, క్యాబినెట్‌కు మధ్య స్పీకర్‌ కేబులే వాడండి. గిటార్‌ కేబుల్‌ సన్నని తీగ, వేడెక్కి తెగితే అదే ప్రమాదం.

100 హెర్ట్జ్‌ హమ్‌, ఏ పాట్‌కూ కదలడం లేదు. ముందు పవర్‌ వాల్వ్‌లు చూడండి. పుష్‌పుల్‌లో, అంటే పవర్‌ వాల్వ్‌లు జోడీగా చెరో సగం పనిచేసే ఆంప్‌లో, రెండు వైపులా సమానంగా కరెంటు పారితే సప్లై అల ట్రాన్స్‌ఫార్మర్‌లో తనంతట తాను కోసుకుపోతుంది. ఒక వాల్వ్‌ బలహీనపడితే కోసుకోదు. మంచి జోడీ పెట్టి, బయాస్‌ కొలిచి సరిచేస్తే పోవచ్చు. చీకట్లో చూస్తే ఏ వాల్వ్‌ ప్లేటైనా ఎర్రగా వెలుగుతుంటే వెంటనే ఆపేయండి. ఫ్యూజ్‌ కొట్టేస్తోందని పెద్ద ఫ్యూజ్‌ పెట్టొద్దు.

వాల్వ్‌లు బాగున్నా ఉంటే ఫిల్టర్‌ కెపాసిటర్లు. వీటిలో ఎలక్ట్రోలైట్‌ ఎండుతుంది. పదిహేనేళ్లు దాటిన ఆంప్‌లో మొదట అనుమానించాల్సింది వీటినే, మన ఎండలకు ఇంకా ముందే. ఇంకో ఆనవాలుంది, బేస్‌ వాళ్లు బాగా గుర్తుపడతారు. గట్టిగా ఒక స్వరం మీటితే దాని వెనక శ్రుతి కలవని దయ్యం స్వరం ఒకటి సన్నగా వస్తుంది. మీ స్వరం, 100 హెర్ట్జ్‌ అల ఒకదాంతో ఒకటి కలగలిసి పుట్టే మూడో ఫ్రీక్వెన్సీ అది. మీరు స్వరం మారుస్తుంటే అది మీతో కలవకుండా వేరే దారి పట్టి పోతూ ఉంటే కెపాసిటర్లు మార్చే వేళ అయిందన్నట్టు.

ఈ పని మెకానిక్‌ది. చేసేవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. లోపల 400 నుంచి, పెద్ద బేస్‌ హెడ్డులలో 700 వోల్టుల దాకా డీసీ. ప్లగ్‌ పీకినా కెపాసిటర్లలో అది నిలిచి ఉంటుంది. 10 కిలో ఓమ్‌, 10 వాట్ల వైర్‌వౌండ్‌ రెసిస్టర్‌కు ఇన్సులేషన్‌ ఉన్న క్లిప్‌లు పెట్టుకుని, ఒక క్లిప్‌ చాసిస్‌కు, రెండోది కెపాసిటర్‌ ప్లస్‌కు, ఒక చేత్తోనే, ఇంకో చేయి వీపు వెనక. 220 మైక్రోఫారడ్‌ ఉంటే పది పన్నెండు సెకన్లకు దిగిపోతుంది, అరనిమిషం ఉంచండి. తర్వాత మీటర్‌తో 10 వోల్టుల లోపు అని చూసుకున్నాకే చేయి పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్‌ చేయొద్దు. కొత్తవి వేసేటప్పుడు మైక్రోఫారడ్‌ అంతే, వోల్టేజీ రేటింగ్‌ పాతదానికి సమానం లేదా ఎక్కువ. ప్లస్‌, మైనస్‌ రెండుసార్లు చూడండి, తిరగబడితే పేలుతుంది. వేశాక మొదటి కెపాసిటర్‌ మీద ఏసీ కొన్ని వోల్టులు ఉండటం మామూలే. ప్రీ ఆంప్‌ నోడ్‌ దగ్గరికి వచ్చేసరికి మిల్లీవోల్టుల్లోకి రావాలి.

ఆంప్‌ లోపలి 50 హెర్ట్జ్‌కు హీటర్లను చూడండి. 6.3 వోల్టుల ఏసీ తీగలు జడలా గట్టిగా పెనవేసి, చాసిస్‌ మూలకు ఆనుకుని పోవాలి. మధ్య ట్యాప్‌ గానీ, రెండు 100 ఓమ్‌ల రెసిస్టర్లతో చేసిన నకిలీ మధ్య ట్యాప్‌ గానీ ఎర్త్‌కు ఉండాలి. పవర్‌ వాల్వ్‌ ఎప్పుడైనా లోపల షార్ట్‌ అయితే ఆ రెసిస్టర్లలో ఒకటి మాడిపోతుంది. వాల్వ్‌ మార్చాక కూడా హమ్‌ మిగిలిపోయే ఆంప్‌లలో ఇది తరచూ కనబడుతుంది.

మిగతావి త్వరగా. సుయ్యిమనే హిస్‌ మొదటి వాల్వ్‌ది. మంచి వాల్వ్‌ పెట్టి పోల్చండి, క్యాబినెట్‌ ట్వీటర్‌ తగ్గించండి. ఏమీ వాయించకుండానే చిటపటమని వేగుతున్న శబ్దం వస్తే ప్లేట్‌ రెసిస్టర్‌, ఎక్కువగా 100 కిలో ఓమ్‌ల పాత కార్బన్‌ రకం. 1 వాట్‌ మెటల్‌ ఫిల్మ్‌ వేయండి. పాట్‌ తిప్పితేనే గరగరమంటే క్లీనర్‌ కొట్టండి. రెండురోజుల్లో తిరిగొస్తే పాట్‌ది కాదు, దాని ముందున్న కప్లింగ్‌ కెపాసిటర్‌ లీకై డీసీ వస్తోంది. ఫలానా స్వరానికే గంటలా మోగితే వాల్వ్‌ మైక్రోఫోనిక్‌ అయింది, అంటే అదురును మైక్‌లా పట్టుకుంటోంది. వాల్యూమ్‌ పెట్టి చెక్క పెన్సిల్‌తో ఒక్కో వాల్వ్‌ను మెల్లగా తట్టండి, దోషి గట్టిగా మోగుతుంది. హెడ్డును క్యాబినెట్‌ మీద నుంచి దింపి పక్క బల్ల మీద పెడితే మోత తగ్గిపోతే వాల్వ్‌ ఇంకొన్నాళ్లు వాడుకోవచ్చు.

చివరి ప్రశ్న. వెనక కూర్చున్నాయన.

("సార్‌, మా బంధువులు అమెరికా నుంచి 120 వోల్టుల హెడ్డు తెచ్చినారు. స్టెప్‌డౌన్‌ పెట్టినా హమ్‌ చేస్తా ఉంది, ట్రాన్స్‌ఫార్మర్‌ కూడా వేడెక్కుతాంది.")

రెండు వేరు విషయాలండి. స్పీకర్‌లోంచి వస్తోందా, పెట్టెలోంచేనా? స్టాండ్‌బై వేసి స్పీకర్‌ మూగబోయాక కూడా చాసిస్‌ మీద చెవి పెడితే వినిపిస్తుంటే అది ట్రాన్స్‌ఫార్మర్‌ రేకుల మోత. 60 హెర్ట్జ్‌కు చేసిన ట్రాన్స్‌ఫార్మర్‌ను 50 మీద నడిపితే ఇనుపకోరు ఎక్కువ నిండి, ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. స్టెప్‌డౌన్‌ వోల్టేజీని మారుస్తుంది, హెర్ట్జ్‌ను మార్చదు. ఆంప్‌ వెనక ప్లేట్‌ మీద 50/60 అని ఉంటే భయం లేదు, రేకుల బోల్టులు బిగించి చూడండి. 60 మాత్రమే అని ఉంటే 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌ ట్రాన్స్‌ఫార్మర్‌ చుట్టించడమే దారి. స్పీకర్‌లోంచే వస్తుంటే స్టెప్‌డౌన్‌ పెట్టె విప్పించి, లోపలికి వచ్చిన ఎర్త్‌ తీగ బయటి సాకెట్‌ ఎర్త్‌కు కలిసి ఉందో లేదో మీటర్‌తో చూడండి. చాలా పెట్టెల్లో ఆ తీగ కలపరు. మీ వీధిలో రాత్రి లోడు తగ్గాక వోల్టేజీ 250 దాటుతుంటే స్టెప్‌డౌన్‌ కూడా 130 ఇస్తుంది, హీటర్‌ 6.8 దాకా పోతుంది, వాల్వ్‌ ఆయుష్షు తగ్గుతుంది. రాత్రి తొమ్మిదికి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఔట్‌పుట్‌ కొలిచి రాసుకుని, ఆ అంకెలు, వెనక ప్లేట్‌ ఫోటో పట్టుకుని మెకానిక్‌ దగ్గరికి వెళ్లండి.